హజ్ సొమ్ము బాండ్లలో పెట్టిన ఖైరున్నీసా

పరుపులు కుట్టే ఖైరున్నీసా హజ్ కోసం దాచుకున్న సొమ్మంతా షేర్లలో పోగొట్టుకుందని 2004 వేసవిలో అద్దంకిలో అంతా అనుకున్నారు. ఏజెంటు అంకమ్మరావు గది మెట్లు ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ దిగడం చూసినవాళ్లున్నారు. "దూది ఏకుకునేదానికి షేర్లెందుకమ్మా?" అని పంపు దగ్గర నవ్వుకున్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది. అయినా కాదనలేదు. కాదంటే అసలు సంగతి చెప్పాలి. అది అంతకన్నా సిగ్గు.

వాళ్లది దూదేకుల ఇల్లు. ఆమెకు ఉర్దూ రాదు. నమాజు మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుని నేర్చుకుంది. ఉర్దూ మాట్లాడే ఇళ్లకు పరుపు కుట్టడానికి వెళితే, "మీకూ నమాజుందా?" అని అడిగేవారు. నవ్వులాటకే అడిగినా ఆమెకు గుచ్చుకునేది. తన వైపు ఏ తప్పూ దొరకకూడదని పట్టుదల. భర్త బుడాన్ పోయాక ఇరవై ఏళ్లు దూది దుమ్ములో దగ్గుతూ అరవై వేలు కూడబెట్టింది. బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుందని, వడ్డీ హరాం, తినకూడదని, ఇంట్లోనే దాచింది.

2001లో అంకమ్మరావు ప్రభుత్వ బాండ్ల ఫండు సంగతి చెప్పినప్పుడు ఆమె ఒక్కటే అడిగింది.

"నష్టం వచ్చే వీలుందాండీ?"

"ఉండకేం? రోజూ ధర మారిద్ది, గుంటూరు యార్డులో మిర్చిలాగే."

నష్టం ఉందంటే వ్యాపారమే. వడ్డీకి నష్టం ఉండదు కదా! బాండంటే ఏమిటని అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది. సంతకం పెట్టింది.

మూడేళ్లలో అది డెబ్బై ఎనిమిది వేలయింది. ఇంకో రెండు వేలు కుట్టి సంపాదిస్తే హజ్ ఖర్చుకు సరిపోతుంది, ఆ ఏడే దరఖాస్తు పెట్టొచ్చు. అంతలో వచ్చిన కాగితంలో డెబ్బై ఐదు వేలే ఉంది. ఏజెంటు దగ్గరకు పరుగెత్తింది.

"కంగారు పడబాక, ఖైరున్నీసమ్మా," అన్నాడు అంకమ్మరావు. "యార్డులో ఒక్క బస్తా చూసి మార్కెట్టు చెప్పలేం గదా? అన్ని కొట్లూ కలిపి ఇయ్యాల పెరిగిందో తగ్గిందో అంటాం. బాండ్లకీ అట్టాంటి లెక్కుంది, సూచీ అంటారు. మన ఫండు సొంత తెలివికి పోదు. సూచీలో ఏ బాండ్లు ఎంతెంత ఉంటే అవే అంతంత కొనిద్ది. సూచీ దిగింది, మనదీ దిగింది."

"ఎందుకు దిగిందండీ?"

"బయట వడ్డీలు పెరిగినయ్. కొత్త బాండు నూటికి ఏడు ఇస్తంటే, ఆరు ఇచ్చే పాతదాన్ని పూర్తి ధరకి ఎవడు కొంటాడు? అయినా గవర్నమెంటు వడ్డీ ఆపదుగా. కాస్త ఓపిక పట్టు."

"వడ్డీ ఎవరికిస్తారండీ?"

"మనకే! బాండంటే గవర్నమెంటుకి మనమిచ్చిన అప్పే గదమ్మా."

ఆమె ఏడ్చింది అందుకు. తగ్గిన మూడు వేలు గుర్తే లేవు. మూడేళ్లుగా వడ్డీ కాగితాలను కళ్లకద్దుకుంది!

వారం రోజులు నమాజు చాప పరవడానికి చేతులు రాలేదు. చివరికి తమ్ముడు అబ్దుల్లాతో చెప్పింది, అతని ముఖం చూడకుండా, చేతిలోని గలేబు కుడుతూనే.

"ఏజెంటుని అడిగిన నోరు, మసీదులో అడగలేకపోయిందా అక్కా?"

"దూదేకులోళ్లకి ఇది కూడా తెలీదా అంటారని భయమేసిందిరా."

అబ్దుల్లా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నువ్వు పెట్టిన అసలు నీదే. పైన వచ్చిన వడ్డీని పుణ్యం ఆశించకుండా ఇచ్చెయ్యాలంటారు పెద్దోళ్లు. మరుగుదొడ్లకిస్తే మంచిదంట. ఇచ్చానని చెప్పుకోకూడదు."

"మరి హజ్‌కి చాలదుగా?"

"చాలదు."

ఆమె దారం కొరికి, గలేబు మడిచి పక్కన పెట్టింది. మర్నాడే వెళ్లి ఫండులో సొమ్ము తీసేయమంది. ఆ ఏడు దరఖాస్తు పెట్టలేదు. దాంతో ఊళ్లో మాట ఇంకా గట్టిపడింది.

ఖైరున్నీసా పెట్టిన అరవై వేలలో ఒక్క రూపాయీ పోలేదు. పైన వచ్చిన పదిహేను వేలతో ఆసుపత్రిలో కాన్పుల వార్డు వెనక రెండు మరుగుదొడ్లు కట్టారు.