నూట యాభై మూడు పట్టుకుని

మా నాన్న మద్రాసు హార్బరులో మూటలు మోసేవాడు. తొండియార్‌పేటలో ఉండేవాళ్ళం. యాభైల్లో, నేను థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి, చదివే ఏడు, ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు శిష్యుల వలలో నూట యాభై మూడు చేపలు పడిన కథ చెప్పారు. బయటికొచ్చాక అమ్మని అడిగాను.

"నూట యాభై అంటే చాలదా? ఆ మూడెందుకు?"

"పడినన్ని పడినాయి. ఎంచినోళ్ళని పోయి అడుగుమే," అంది అమ్మ.

ఎంచినవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? ఆ సంఖ్యనే పట్టుకున్నాను. ఒకటి నుంచి పదిహేడు దాకా వరసగా కూడితే నూట యాభై మూడు వచ్చింది. అందులోని ఒకటి, ఐదు, మూడుల ఘనాలు కట్టి కూడితే మళ్ళీ నూట యాభై మూడే! ఊరికే మూడుతో మొదలుపెట్టి చూశాను. దాని ఘనం ఇరవై ఏడు. రెండు, ఏడుల ఘనాలు కూడితే మూడొందల యాభై ఒకటి. ఆ అంకెల ఘనాలు కూడితే, నూట యాభై మూడు. మూడుతో శేషం లేకుండా పోయే సంఖ్య ఏది పట్టుకున్నా చివరికి అక్కడికే చేరింది.

పరీక్షలయ్యాక లెక్కల సారు ఫోర్త్ ఫారానికి మమ్మల్ని విడదీశారు. ఆల్జీబ్రా ఉండే పెద్ద లెక్కలు మగపిల్లలకి, కుట్టుపని మాకు.

"నాకు పెద్ద లెక్కలు కావాలి సార్," అన్నాను.

"హార్బరు కూలీ కూతురివి. ఆల్జీబ్రా నేర్చి ఏం చేస్తావు?"

సుద్దముక్క తీసుకుని బోర్డు మీద నా సంఖ్యని వేసి చూపించాను. ఆయన చేతులు కట్టుకుని చూశారు.

"ఇది గారడీ. వంద సంఖ్యలకి కుదిరితే వెయ్యికి కుదురుతుందని ఏం నమ్మకం? ఎందుకో చెప్పగలిగితే అదీ లెక్క."

ఆ మాట నిజమే. అందుకే మరీ మండింది. వారం రోజులు కొట్టుకున్నాను. ఏ అంకె ఘనంలోంచైనా ఆ అంకెని తీసేస్తే, మిగిలింది మూడుతో తెగుతుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా అన్నీ చూశాను. మూడుతో తెగే సంఖ్యలో అంకెల మొత్తం ఎలాగూ మూడుతో తెగుతుంది. కాబట్టి మూడుతో తెగే సంఖ్య ఈ దారిలో ఎంత నడిచినా మూడుని విడిచిపోదు. చివరికి అన్నీ ఒకేచోట ఎందుకు ఆగుతాయో మాత్రం అంతు చిక్కలేదు. సారుకి తేలిందీ చెప్పాను, తేలనిదీ చెప్పాను.

"ఎవరు చెప్పిచ్చారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. మిగతాది తేల్చడానికే ఆ క్లాసు కావాలి."

"ఆ క్లాసులో ఆడపిల్లలెవరూ లేరు."

"నేనుంటాను గదా."

బడి తెరిచిన రోజు వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. బయటికి పొమ్మన్నారు. వరండాలో, కిటికీ పక్కన నిలబడి విన్నాను. మర్నాడూ అంతే. మూడోరోజు అమ్మ వచ్చింది.

"నా బిడ్డ అడిగింది లెక్కలే గదా సార్. మీ ఆస్తిలో సగం అడగలేదే. వానొస్తే తడస్తా నిలబడాల్నా?"

సారు బెంచీ వైపు చెయ్యి చూపించారు.

ఆ ఏడంతా నన్నొక్క ప్రశ్న కూడా అడగలేదాయన. నేను మాత్రం ప్రతి ప్రశ్నకీ చెయ్యెత్తాను.