శేషగిరిరావు గారి ఆఖరి వాకబు

తెల్లవారి కళ్ళు తెరవగానే అరచేతులు చూసుకుని దేవుణ్ణి తలచుకోవడం మనలో చాలామందికి అలవాటే. తిరువూరులో కిరాణా కొట్టు నడిపే శేషగిరిరావు కూడా ఆ నియమం ఏనాడూ తప్పలేదు. కాకపోతే పన్నెండేళ్ళుగా ఆయన ఎడమ అరచెయ్యి ఒక్కటే చూసుకునేవాడు. కుడి చెయ్యి పిడికిలి బిగించుకుని దుప్పటి కిందే ఉండేది. భార్య మహాలక్ష్మి అది గమనించింది కానీ, ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. ఆ చేత్తోనే ఆయన ఒక్కగానొక్క కొడుకు రామలింగేశ్వరరావును కొట్టాడు.

సంత రోజు. కొట్టు నిండా బేరాలు. పేటనుంచి వచ్చిన ముసలమ్మకి ఉప్పు కొలిచి, కొడుకు కొసరు మీద కొసరు దోసిళ్ళతో పోస్తున్నాడని, అందరి ముందూ చెంప మీద ఒకటి వేశాడు. ఇరవై ఏళ్ళ పిల్లవాడు. ఎదురు చెప్పలేదు. ఉప్పు సోల బస్తా మీద బోర్లించి, చేతులు దులుపుకుని, వీధిలోకి నడిచాడు. అంతే. ఫాల్గుణ బహుళ దశమి అది. కోడలు పరమేశ్వరి కాపురానికొచ్చి అప్పటికి సరిగ్గా నెల.

ఏటా చింతపండు దిగే రోజుల్లో శేషగిరిరావు బండి కట్టించుకుని సత్తుపల్లి, అశ్వారావుపేట, ఖమ్మం మీదుగా ఊరూరా తిరిగి, చింతపండూ కుంకుడుకాయలూ కొని తెచ్చేవాడు. కొన్నచోటల్లా కొడుకు కోసం వాకబు చేసేవాడు. యాభై ఏడో సంవత్సరంలో మాత్రం పరమేశ్వరిని కూడా వెంటబెట్టుకెళ్ళాడు. అది మహాలక్ష్మి ఆలోచన.

"మిమ్మల్ని దూరాన్నుంచి చూస్తే వాడు తప్పుకుపోతాడు. అమ్మాయిని చూస్తే ఆగుతాడు" అంది ఆవిడ.

ఆ ఏడే ఎందుకంటే, దశమితో పన్నెండేళ్ళు నిండుతాయి. అంతకాలం జాడ తెలియని మనిషిని పోయినవాడిగానే లెక్కగట్టి, దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యాలని పురోహితుడు చెప్పాడు. శేషగిరిరావు ఒప్పుకోలేదు. అప్పుడు పురోహితుడే మెల్లగా, "నిజంగా ఎక్కడో పోయి ఉంటే, నీళ్ళు వదిలే దిక్కు లేక అల్లాడిపోతుంటాడు కదండీ పిల్లవాడు!" అన్నాడు. ఆ మాటకి తండ్రి తల వంచేశాడు. దశమిలోగా దొరక్కపోతే కర్మ జరిపిస్తానన్నాడు. కర్మ జరిగితే పరమేశ్వరి నుదుట బొట్టు ఉండదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

నలభై రోజులు తిరిగారు. బండి తోలే ఏసోబు మాటకారి. దారిలో అతనే ఇద్దరినీ ఎలాగో నవ్వించేవాడు. "నెల్లాళ్ళుగా చింతపండు మీద పడుకుంటున్నానండి శెట్టిగారూ, నా నిద్ర కూడా పులిసిపోయింది" అనేవాడు. పరమేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఖమ్మంలో ఒక కబురు తగిలింది. మధిరలో నూనె మిల్లు దగ్గర తూకం వేసే మనిషికి ముప్పైయేళ్ళు దాటి ఉంటాయి, ఎడమ కనుబొమ్మ మీద గాటు, మాట తిరువూరు వైపుది, తనవాళ్ళ సంగతి ఎవరికీ చెప్పడు. రామలింగానికి కూడా చిన్నప్పుడు గడప మీద పడి అక్కడే గాటు పడింది. షష్ఠి నాడు పొద్దున మధిర చేరారు.

మిల్లులోంచి ఆ మనిషి నూనె మడ్డి అంటిన చేతులు గోనెగుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. గాటు ఉంది. మాట అదే. మొహం మాత్రం వేరెవరిదో.

శేషగిరిరావు తల పక్కకి తిప్పుకున్నాడు.

"ఎవరి కోసమండీ?" అన్నాడతను.

ఏసోబు సంగతి చెప్పాడు. అతని పేరు సుందరరాజట. సొంత ఊరు రెడ్డిగూడెం పక్కన. తనేదో తప్పు చేసినవాడిలా, "అంత దూరం వచ్చారు. నేను కాకపోతిని" అన్నాడు. లోపలికెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చాడు. బండి కదులుతుంటే పరుగెత్తుకొచ్చి ఎడ్ల కోసం తెలగపిండి చెక్కలు నాలుగు బండిలో పడేశాడు. తెలియని మనిషి దుఃఖానికి ఇంకేం చేయగలడు? చేతిలో ఉన్నదేదో ఇచ్చాడు. భగవంతుడు అతన్ని చల్లగా చూడాలి.

మధిర దాటాక పరమేశ్వరి నోరు విప్పింది.

"మావయ్యగారూ, ఒకటి చెప్తాను, కోప్పడరుగా?"

"చెప్పమ్మా."

"మీరు తల తిప్పుకునే దాకా ఆయన కాదని నాకు తెలీలేదు."

శేషగిరిరావుకు మొదట అర్థం కాలేదు.

"నాకు ఆయన మొహం గుర్తులేదండి. ఆ నెల్లాళ్ళూ నేను తలెత్తి చూస్తేగా! అన్నం వడ్డించేటప్పుడు చేతులు చూసేదాన్ని. చేతులు గుర్తున్నాయి. ఈ నలభై రోజులూ కనపడ్డ ప్రతి మనిషి చేతులూ చూస్తూనే ఉన్నాను." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అత్తయ్యగారు అంత ఆశపెట్టుకుని పంపిస్తుంటే, నాకు తెలీదని ఎలా చెప్పను?"

ఏ సంతలోనో, ఏ చావిడి అరుగు మీదో కొడుకు కూర్చునే ఉన్నాడేమో. ఆమె చూపు అతని మీదుగా దాటిపోయిందేమో. తను వేరే వైపు చింతపండు బేరంలో ఉన్నాడేమో. నలభై రోజుల దారంతా మళ్ళీ మొదటినుంచీ ఆయన కళ్ళ ముందు తిరిగింది. వెనక్కి వెళ్ళి చూద్దామన్నా రోజుల్లేవు.

"ఏడవకమ్మా" అన్నాడు చివరికి. "నీది కాదు తప్పు."

అష్టమి పొద్దెక్కేసరికి పెనుగొలను చేరారు. అక్కడ రావమ్మ అనే రైతు ఇల్లాలు. ఏటా వాళ్ళ దొడ్డి చింతచెట్ల కాయంతా శేషగిరిరావే కొనేవాడు. ఆవిడ చేతి వంట శెట్టిగారు తినరని తెలుసు గనక, బండి ఆగిందో లేదో బియ్యం, కందిపప్పు, దోసకాయ చేటలో పెట్టి, వేపచెట్టు కింద మూడు రాళ్ళు పేర్చి, ఎండుపుల్లలు కూడా తనే విరిచి పెట్టింది. పరమేశ్వరి వంట చేసింది. ఏసోబుకు విస్తరాకు నిండా వడ్డించింది.

"ఏరా ఏసోబూ, కిందటేడుకన్నా చిక్కావేంట్రా? శెట్టిగారు తిండి కూడా తూకమేసి పెడుతున్నారా?" అంది రావమ్మ.

"తూకం సరిగ్గానే ఏత్తన్నారమ్మా, కొసరే లేదు" అన్నాడు ఏసోబు అలవాటుగా. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

శేషగిరిరావు ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. తర్వాత నిదానంగా, "నిజమేరా. నా చేతికి కొసరు రాలేదు" అన్నాడు.

బయల్దేరేటప్పుడు రావమ్మ పరమేశ్వరిని లోపలికి పిలిచింది. పీట వేసి కూర్చోబెట్టి, కాళ్ళకి పసుపు రాసి, నుదుట పెద్ద బొట్టు పెట్టి, పూలు తురిమింది. ఒళ్ళో ఆకుపచ్చ రవికెల గుడ్డ పెట్టింది.

"ఎందుకండీ ఇప్పుడు ఇవన్నీ..." అని పరమేశ్వరి లేవబోయింది.

"కూర్చోవే పిచ్చిదానా! ఇయ్యాళ అష్టమి. దశమి దాకా నువ్వు ముత్తైదువ్వి కాదనే మొనగాడెవడు? రమ్మను నా ముందుకి" అని గదమాయించి, తనే కళ్ళు ఒత్తుకుంది.

నవమి నాడు పొద్దు వాలకముందే తిరువూరు పొలిమేర వాగు దగ్గర ఏసోబు ఎడ్లను విప్పి నీళ్ళకు వదిలాడు. పరమేశ్వరి మొహం కడుక్కోవడానికి వాగులో దిగింది. బొట్టు చెదరకుండా కళ్ళ మీద మాత్రం నీళ్ళు చల్లుకోవడం శేషగిరిరావు చూశాడు. అవతల పొగల మధ్య ఊరి ఇళ్ళు కనిపిస్తున్నాయి. పురోహితుడికి ఈపాటికి మహాలక్ష్మి కబురు పంపే ఉంటుంది.

"ఏసోబూ, నాదొక పని చేసిపెట్టాలిరా" అన్నాడు.

"చెప్పండయ్యా."

"కర్మ అయ్యాక నేను వాడి కోసం అడగకూడదు. పోయాడని నా నోటితో చెప్పి, నా చేత్తో నిప్పు పెట్టి, మళ్ళీ కనపడ్డాడా అని ఊరూరా అడిగితే చేసిన కర్మంతా అబద్ధమైపోతుంది. వాడికి నీళ్ళు కూడా అందవంటారు." ఆయన వాగులో ఉన్న కోడలి వైపు ఒకసారి చూశాడు. "నీకా కట్టు లేదు కదరా. నువ్వు అడుగు. నా బండి తోలినా, ఎవరి బండి తోలినా, వెళ్ళినచోటల్లా అడుగు."

"నేను పొద్దుటి ప్రార్థనలో చిన్నయ్యగారి పేరు చెప్పని రోజు లేదండి" అన్నాడు ఏసోబు. "అడుగుతానండి. కనపడితే మీకు కబురు..."

"నాకొద్దు."

పరమేశ్వరి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఒడ్డెక్కి వస్తోంది. ఆయన గొంతు తగ్గించాడు.

"అమ్మాయికి చెప్పు. ముందు తనకే చెప్పు. వాణ్ణి రమ్మనాలో వద్దో తను తేల్చుకున్నాకే, ఇంకెవరికైనా."