మేనమామని వెంటబెట్టుకుని లేచిపోయాను

లేచిపోయే ఆడపిల్ల ఎవరైనా మేనమామని వెంట తీసుకెళ్తుందా? నేను తీసుకెళ్ళాను. నా అంత తెలివితక్కువది జంషెడ్‌పూర్ మొత్తం గాలించినా దొరకదు. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను ఇష్టపడ్డతను ఒడియావాడు. మా ఊళ్ళోనే, కద్మాలో ఉండేవాడు. కాలేజీ పిల్లలకి కొండలెక్కడం నేర్పే ఉద్యోగం. పెళ్ళికి ఒప్పుకోమని ఇంట్లో ఏడాదిపాటు బతిమాలాను. నాన్న, "మన బాస కాదు, మన మనిసి కాదు. నాను సచ్చినాక సేసుకో" అని ఒక్కసారే అని ఊరుకున్నాడు. అమ్మ రోజూ అనేది. చివరికి ఇద్దరూ ఆ మాట ఎత్తడమే మానేశారు. నేను ఎత్తితే టీవీ సౌండు పెంచేవారు. సరే, మీరు వినకపోతే నేను చేసి చూపిస్తాను అనుకున్నాను.

మా ఇలవేల్పు అరసవల్లి సూర్యనారాయణుడు. అందుకని రథసప్తమి ఎంచుకున్నాను. దల్మా వరసలో ఒక చిన్న కొండ. చీకటితోనే ఎక్కడం, సూర్యుడు పైకి రాగానే పసుపుతాడు కట్టించుకోవడం. పంతులు లేడు, బాజాలు లేవు, భోజనాలు లేవు. సాక్షి ఆ సూర్యుడే. మొత్తం నలుగురం: మేమిద్దరం, ఫొటోలు తియ్యడానికి అతని స్నేహితుడు, మా మామయ్య.

మామయ్య ఎందుకంటే, బుట్ట కోసం. మాలో పెళ్ళికూతుర్ని మేనమామ వెదురుబుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొస్తాడు. అమ్మా నాన్నా లేకుండా పెళ్ళి చేసుకోవడానికి గుండె రాయి చేసుకున్నదాన్ని, బుట్ట లేకుండా చేసుకోవడానికి మాత్రం మనసొప్పలేదు. "ఇదేం పారిపోవడం?" అని అతను హిందీలో పడిపడి నవ్వాడు. నవ్వితే నవ్వాడు, బుట్ట ఉండాల్సిందే అన్నాను.

మామయ్య అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. గోవింద్‌పూర్‌లో ఉండేవాడు, ట్రక్కుల ఫ్యాక్టరీలో ఫిట్టరు. నాకు సైకిలు నేర్పిందీ, పదో తరగతిలో లెక్కలు తప్పితే నాన్నకి చెప్పకుండా దాచిందీ ఆయనే. చెప్పగానే కాసేపు బుర్ర గోక్కున్నాడు. "అమ్మ మీద ఒట్టెయ్యి, ఎవరికీ చెప్పనని" అన్నాను. "మీయమ్మ మీదొట్టే. ఈ నోటంట వత్తే సూడు" అన్నాడు.

అన్నాక ఆ పని తన పెళ్ళే అన్నట్టు నెత్తినేసుకున్నాడు. జుగ్సలాయి బజారుకి వెళ్ళి సన్నటి సందుల్లో సగంరోజు తిరిగి పెద్దబుట్ట కొన్నాడు. గ్యాస్ సిలిండరు అందులో పెట్టి, ఎత్తి, పెరట్లో అటూ ఇటూ నడిచి చూశాడు. "సిలిండరు కంటే నువ్వే బరువు, ఈ రెండు వారాలూ తిండి తగ్గించు" అన్నాడు. కొండ కింద పల్లెలకి వెళ్ళి, ఏనుగులు దిగుతున్నాయేమో రెండుసార్లు కనుక్కొచ్చాడు. ఇంత చేసేవాణ్ణి ఎవరైనా ఎలా అనుమానిస్తారు?

ముందురోజు సాయంత్రం అమ్మకి ఉత్తరం రాశాను. హిందీలో రాశాను. మా బడి హిందీ బడి, నాకు రాయడం వచ్చిన అక్షరాలు అవే. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు ఆ తరవాత పట్టుబట్టి నేర్చుకున్నది. నాలుగు ముక్కలు రాసి ఊరుకోవచ్చు కదా! ఏడాదిగా మింగినదంతా కక్కాను. నాకు పదహారేళ్ళప్పుడు ఒకరోజు, ఇద్దరం అప్పడాలు ఒత్తుకుంటుంటే, అమ్మ నాకొక సంగతి చెప్పింది. తన పెళ్ళికి ముందురోజు, ఊళ్ళో తనకి ఇష్టమైన మనిషి కోసం, తెల్లారగట్ల ఇల్లు వదిలి బస్సు రోడ్డు దాకా నడిచిందట. బస్సొచ్చింది, ఆగింది. ఎక్కలేదు. ఎవరూ లేవకముందే ఇంటికి తిరిగొచ్చి ముగ్గు పెట్టిందట. తమ్ముడికి కూడా తెలీదు అంది. ఆ సంగతి ఉత్తరంలోకి లాగాను. "నువ్వు ఆ బస్సు ఎక్కలేదు. అప్పట్నించి నాన్న పక్కన కూర్చుని ఆ బస్సు కోసమే చూస్తున్నావు. నేను నీలా బతకను" అని రాశాను. మడిచి, బియ్యం డబ్బాలో బియ్యం మీద పెట్టాను. అమ్మ వంటకి బియ్యం తీసేది పది గంటలకి. అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది.

ఇంట్లో రాంచీలో ఇంటర్వ్యూ ఉందని, తెల్లవారుజాము బండికి వెళ్ళాలని చెప్పాను. నేను లేచేసరికే అమ్మ లేచి ఉంది. రథసప్తమికి జిల్లేడాకులు నెత్తిన పెట్టి నీళ్ళు పొయ్యడం ప్రతి ఏడూ ఉన్నదే. ఆరోజు మాత్రం సున్నిపిండితో ఒళ్ళంతా రుద్దింది, పసుపు కూడా రాసింది. "ఇంటర్వ్యూకి పసుపేంటమ్మా?" అన్నాను. "మంచి పనికెల్తన్నావ్. నోర్మూసుకుని కూకో" అంది. నీళ్ళు పోస్తున్న ఆ చెయ్యి చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. సున్నిపిండి కళ్ళలో పడిందని చెప్పాను.

కొండ కింద అందరం కలిశాం. టార్చిలైట్లు వేసుకుని రెండు గంటల నడక. మామయ్య బుట్టని బోర్లించి నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. సగం ఎక్కాక వెనక్కి తిరిగితే, దూరంగా స్టీలు ప్లాంటు మీద ఆకాశం ఒక్కసారి ఎర్రగా వెలిగి ఆరింది. ఆ వెలుగు కింద అమ్మ మళ్ళీ పడుకుని ఉంటుంది అనుకున్నాను. "మా అమ్మ నన్ను క్షమిస్తుందా?" అని అతన్ని అడిగాను. అప్పటికి పదిరోజులుగా రోజూ ఫోన్లో ఇదే అడిగి ఏడుస్తున్నాను. రోజూ చెప్పినట్టే, "సబ్ ఠీక్ హో జాయేగా" అన్నాడు.

ఆఖరి మలుపులో సన్నాయి వినబడింది. ఫోను పెట్టి స్పీకర్లో వాయిస్తున్న సన్నాయి.

పైన మా వాళ్ళు! ముప్పై మంది ఉంటారు. అవతలి వైపు మట్టిరోడ్డు మీద జీపుల్లో వచ్చి మాకంటే ముందే దిగారు. మడత కుర్చీలు, డబ్బాల్లో ఉప్మా, పంతులుగారు, మంకీ క్యాప్ పెట్టుకున్న నాన్న, పట్టుచీర మీద స్వెటరేసుకున్న అమ్మ. అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

నేను మామయ్య వైపు తిరిగాను. "ఒట్టేశావు కదా మామయ్యా!"

"ఏశాను. నీకు మేనమావనైతే, మీయమ్మకి తమ్ముణ్ణి కానేటి? దాని కూతుర్ని దానికి సెప్పకుండా ఎత్తితే ఈ సేతులు పడిపోవా?" అన్నాడు. బుట్ట సిద్ధం చేసుకున్న రోజే వెళ్ళి చెప్పేశాడట. అమ్మ రెండురోజులు ఏడ్చి, నాన్నని ఒప్పించిందట. ఆ మర్నాడే అతన్ని పిలిపించి మాట్లాడారట. అంటే పదిరోజులుగా అతనికి తెలుసు! నేను ఫోన్లో ముక్కు చీదుతుంటే, అన్నీ తెలిసి, అంతా సర్దుకుంటుందని చెప్పాడన్నమాట.

"నువ్వు సంతోషిస్తావనుకున్నాను" అన్నాడతను బిక్కమొహం వేసుకుని.

"చెప్పుతో కొడతాను" అన్నాను. తెలుగులోనే అన్నాను. అర్థమైంది.

ఇంతకంటే ఏం కావాలే, అదృష్టవంతురాలివి అని ఇప్పటికీ అందరూ అంటారు. కానీ నన్ను ఎవరైనా అడిగారా? ఏడాదిపాటు బతిమాలితే ఇవ్వనివాళ్ళు, నా అంతట నేను తెగించేసరికి ఆ తెగింపుని కూడా లాక్కున్నారు. నేను నమ్మిన ఇద్దరూ, నమ్మకుండా వదిలేసిన ఇద్దరితో కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు. పొద్దున్న పసుపు రాసిన అమ్మ కూడా! నాకు చేసింది పెళ్ళికూతురి స్నానమని నాకే తెలీదు. మోసపోయాను. ఆ క్షణంలో నాకు వేరే మాట తోచలేదు. గిరుక్కున తిరిగి నాలుగడుగులు కిందికి దిగాను కూడా.

కానీ తూర్పు తెల్లబడింది. సూర్యుడు నా అలక తీరేదాకా ఆగడు కదా. "పద తల్లీ, తిట్టాలంటే పెల్లయ్యాక తిట్టుకో" అని మామయ్య బుట్ట నా ముందు పెట్టాడు. ఎక్కి కూర్చున్నాను. మొహం మాడ్చుకునే కూర్చున్నాను. ఫొటోలన్నిటిలో అలాగే ఉన్నాను.

అమ్మా నాన్నా పీటల మీద కూర్చుని అతని కాళ్ళు కడిగారు. ఇద్దరి మధ్యా జానెడు జాగా ఉంది. కొంగుముడి వేసినా ఆ జాగా తగ్గలేదు. నాన్న ఒక్కసారి కూడా అమ్మ వైపు చూడలేదు. ఇంకా నా మీదే కోపం అనుకున్నాను.

సూర్యుడు వచ్చాడు. అతను పసుపుతాడు కట్టాడు. నెత్తిన అక్షింతలు పడ్డాయి. ఒడిలో పసుపు బియ్యం. తలెత్తితే, అమ్మ చేతిలో తన పేరు చెక్కిన మా ఇంటి స్టీలు పళ్ళెం. అప్పుడు తట్టింది, ఆ బియ్యం ఏ డబ్బాలోంచి వచ్చాయో. వెంటనే, అమ్మకి హిందీ చదవడం రాదు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. రేషను కాగితమైనా, బ్యాంకు కాగితమైనా, ఇంట్లోకొచ్చిన ప్రతి హిందీ ముక్కా అమ్మకి చదివి పెట్టేది నేనే. నేను లేనప్పుడు ఎవరు చదువుతారని రాస్తున్నప్పుడు ఆలోచించనే లేదు.

అందరూ ఉప్మా దగ్గరికి చేరాక అమ్మ నా పక్కకి వచ్చింది. స్వెటరు లోపల్నించి మడిచిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వెల్లినాక అక్షింతలకి బియ్యం తీద్దామని మూత తీసినాను. నువ్వు రాసినావంటే, పెల్లికి ఏటేటి కావాలో రాసినావేమో, నీకు గాని తెలిసిపోయిందేమో అనుకున్నాను. మీ నాన్నకిచ్చి సదవమన్నాను."

నేను కాగితం మడత విప్పి, మళ్ళీ మడిచాను.

"ఆయనకి తొరగా సదవడం రాదు కదా, ఒక్కో అచ్చరం కూడబలుక్కుని సదివేరు. బస్సు కాడికొచ్చినాక ఆపెయ్యమన్నాను. ఆపలేదు."

"అమ్మా..."

"నీకొక్కదానికే సెప్పినానే" అంది.

అని, పళ్ళెంలో మిగిలిన అక్షింతలు నా నెత్తిన వేసి, నాన్న ఎక్కి కూర్చున్న జీపు వైపు నడిచింది.