నలభై చూపించిన మీటర్

చిక్కబళ్లాపురంలో బాగేపల్లి బస్సెక్కి డ్రైవరు వెనకే కూర్చున్నాను. పాత ప్రైవేటు బస్సు. స్పీడు మీటర్ ముల్లు ముప్పై దగ్గరే వణుకుతోంది. నాకేమో ఒళ్లంతా తొందర. యాక్సిలరేటర్ నా దగ్గరే ఉన్నట్టు కుడికాలితో నేలను తొక్కుతూనే ఉన్నాను.

"ఎద్దులబండి మాదిరి పోతాండావు కదప్పా! ఇంకా తొక్కు," అన్నాను, మూడోసారి.

పాపం, తొక్కాడు. ముల్లు నలభైకి చేరింది. నాకది చాలలేదు. మళ్లీ నోరు తెరవబోతుంటే పక్కనున్న పెద్దాయన నా మోకాలి మీద చెయ్యి పెట్టాడు.

"ఆ కిలోమీటరు రాయి దాటుతూనే నీ ఫోనులో సెకండ్లు లెక్కబెట్టప్పా."

తర్వాతి రాయి వచ్చేసరికి యాభై సెకండ్లు.

"నలభైలో పోతే నిమిషమున్నర పట్టల్ల. మనం డెబ్బై దాటినాం," అని ఆయన డ్రైవరు వైపు వంగాడు. "మీటర్ మార్చినారా?"

"పోయిన వారమప్పా. పాతది చెడిపోయింటే ఇంకో బండిది తెచ్చి బిగించినారు."

"నేనూ షెడ్డులో మీటర్లు బిగించినోణ్ణే. అది ఈ బండికి సరిపోదు. మార్పించేదాకా ఇంజను చప్పుడు విని తోలు."

డ్రైవరు మెడలో తువ్వాలు తీసి మీటర్ మీద కప్పేశాడు. బస్సు నెమ్మదించింది.

పెద్దాయన పెరేసంద్రలో దిగిపోయాడు. పేరైనా అడగలేదు.

ఇప్పటికీ బస్సెక్కితే నా కుడికాలు నేలను తొక్కుతూనే ఉంటుంది. బ్రేకు కోసం.