ఇంజను వాటా

మా అక్క వీరదుర్గ నోటికి నరసాపురం చేపల మార్కెట్టు మొత్తం జడుస్తుంది. ఆమె గంప ముందు నిలబడి బేరమాడినవాళ్ళు చేప కొన్నా కొనకపోయినా రెండు చివాట్లు తినే వెళ్తారు. నేను తోడబుట్టినవాణ్ణి, నాకూ మినహాయింపు లేదు. అలాంటి మనిషి ఒక ముసలి పడవ ఇంజనుని పసిబిడ్డలా సాకుతుంటే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ఆ ఇంజను మా బావ సత్తియ్యది. పడవ వెనక చెక్కకి బిగించి, తాడు లాగి స్టార్టు చేసే రకం. పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. పాపికొండల వైపు టూరిస్టు బోటువాళ్ళు వద్దని తీసేస్తే బావ కొనుక్కొచ్చాడు. తెచ్చిన రోజే నేను, "బావా, దీనికీ నీ వయసే ఉంటుంది" అన్నాను. "నాకంటే ఇదే నయం బామ్మర్దీ, తాడు లాగితే లేస్తుంది. నన్ను లేపడానికి మీ అక్క ఎన్ని కేకలెయ్యాలో అడుగు" అన్నాడు. అక్క వంటింట్లోంచి, "అయితే దాన్నే కట్టుకోకపోయావా" అంది. వాళ్ళ సంసారం అలా కేకల మీదే చల్లగా నడిచింది. పిల్లలు కలగలేదు.

మాది సఖినేటిపల్లి అవతల, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర పల్లె. వేట ముగించి ఒడ్డుకొచ్చాక చేపల్ని వాటాలు వేస్తారు. మనిషికో వాటా, పడవకో వాటా, వలకో వాటా, ఇంజనుకో వాటా. పడవా వలా జీవరాజువి, ఇంజను బావది. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ కలిసే వేటాడారు. బావ ఒకరోజు ఒడ్డున వల బాగుచేసుకుంటూ గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. మనిషి వాటా ఆ రోజుతో ఆగిపోయింది. ఇంజను వాటా ఆగలేదు. అది సముద్రంలో తిరిగినన్నాళ్ళూ దాని వాటా ఇంటికి రావాల్సిందే. అది మా వాళ్ళ కట్టుబాటు.

జీవరాజు ఆ చేపలు తెచ్చి గుమ్మంలో దించి, "వదినా, సత్తియ్యన్న వాటా" అనేవాడు. ఇంజను వాటా అని ఒక్కనాడూ అనలేదు. పోయిన మనిషి పేరు ఎన్నాళ్ళని ఎవరు తలుస్తారు? నెల తిరిగేసరికి చుట్టాలు మానేస్తారు, సంవత్సరీకం అయ్యాక ఇరుగుపొరుగు మానేస్తారు. మా అక్క ఇంట్లో మాత్రం ఆ పేరు వేట ఉన్న ప్రతిరోజూ వినపడేది. ఆ మాట కోసమే ఆమె పనులన్నీ తెముల్చుకుని గుమ్మంలో కూర్చునేది. చేపలదేముంది, రేవులో ఎన్నైనా కొనుక్కోవచ్చు.

అందుకని ఆ ఇంజను ఆగకూడదు. అక్కకి లోకంలో అంతకంటే పెద్ద పని లేదు.

బావ రెండే మాటలు చెప్పేవాడు. ఆయిలు తగ్గనివ్వొద్దు. వేట లేని రోజుల్లో ట్యాంకు ఖాళీగా పెట్టొద్దు, లోపల తుప్పు పడుతుంది. అక్క ఆ రెండూ వేదంలా పట్టుకుంది. కిందటేడు ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. "పెట్రోలులో ఏదో కలుపుతున్నారంట వదినా, మామూలుది దీనికి పడట్లేదేమో" అన్నాడు జీవరాజు. పంటెక్కి గోదావరి దాటి నరసాపురం బంకుకి వెళ్తే అక్కడ రెండు రకాలున్నాయి. మామూలుది తొంభై ఒకటి నంబరట, ఖరీదైనది తొంభై అయిదట. అక్క క్షణం ఆలోచించలేదు.

"పెద్ద నంబరుదే కొట్టండి. ముసలి ప్రాణం, బలమైంది పడాలి" అంది.

"అక్కా, అది పెద్ద పెద్ద కార్లకే" అన్నాను.

"నీ బండికి గాలి కొట్టించుకోడమే నీకు చేతకాదు, నువ్వా నాకు చెప్పేది?" అంది.

వేసవిలో వేట నిషేధం వచ్చింది. అక్క తన చేత్తో ఆయిలు కొలిచి కలిపి, ట్యాంకు నిండా ఆ ఖరీదైన పెట్రోలే పోసింది. ఇంజనుకి బావ పాత పంచె చుట్టి అరుగు మీద పెట్టింది. రెండు నెలలు రోజూ దుమ్ము దులిపింది. సముద్రపు గాలి, ఉక్క, ఆపైన తొలకరి. ట్యాంకు మాత్రం మూత కూడా తియ్యలేదు.

నిషేధం తీశాక మొదటి వేట. ఇంజను ఎన్నోసార్లు తాడు లాగితే గానీ లేవలేదు. ఎలాగో మొగ దాకా వెళ్ళి, కీచుమని అరిచి, బిగుసుకుపోయింది. వేరే పడవవాళ్ళు తాడేసి లాక్కొచ్చారు. మనుషులకేం కాలేదు.

నరసాపురంలో మెకానిక్ ఉదయ్‌భాస్కర్ దగ్గరికి నేనూ అక్కా పట్టుకెళ్ళాం. అతను ట్యాంకు అడుగునుంచి కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి వంపాడు. కాసేపటికి అది రెండు పొరలుగా విడిపోయింది.

"ఇప్పటి పెట్రోలులో ఇథనాలు ఉంటుందండి. అది చెమ్మని లాక్కుంటుంది. ఎక్కువ రోజులు నిలవుంటే నీళ్ళతో కలిసి అడుక్కి దిగిపోద్ది. ఆయిలేమో పైనుండిపోద్ది. ఇంజను తాగేది అడుగునుంచే కదండీ. ఆయిలు అందక పిస్టను పట్టేసింది."

"ఖరీదైందే పోశామండి" అన్నాను.

"దాంట్లోనూ ఉంటుందండి. అయినా నంబరుతో దీనికి పనేంటి? ఈ పాతవాటికి మామూలుదే చాలు. ఎప్పటికప్పుడు తాజాగా పోసుకుని, వేట ఆపినప్పుడు ట్యాంకు ఖాళీ చేసెయ్యాలి. దీని సామాన్లు కూడా ఇక దొరకవండి."

అక్క ఆ సీసాకేసి చూస్తూ, "ఖాళీగా పెట్టొద్దని మా ఆయన చెప్పేవాడండి. ఆయన తప్పు చెప్పాడా?" అని అడిగింది.

"లేదమ్మా. ఆ రోజుల్లో పెట్రోలుకి అదే కరెక్టు."

"అదీ, అలా చెప్పండి" అంది అక్క. మొగుడి మాట నిలబడినందుకు ఆమె ముఖంలో ఒక్క క్షణం వెలుగొచ్చింది. ఆ వెలుగు చూడలేక నేను బయటికొచ్చేశాను.

పంటు మీద గోనెపట్టాలో చుట్టిన ఇంజను మా ఇద్దరి మధ్యా ఉంది. అక్క దాని మీద చెయ్యి వేసుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవణ్ణి తిట్టాలి? తిట్టడానికి ఒక మనిషంటూ దొరికితే కొంత బాధ దిగేది.

జీవరాజుని అనడానికీ లేదు. వేట మానుకుని అతనెన్నాళ్ళు కూర్చుంటాడు? కొత్త ఇంజను కొనుక్కున్నాడు. కొత్త ఇంజను వాటా కొన్నవాడిదే. అదీ కట్టుబాటే.

కొత్త ఇంజనుతో వేట చేసిన రోజు నేను అక్క దగ్గరే ఉన్నాను. అక్క ఎప్పట్లాగే గుమ్మంలో కూర్చుంది. జీవరాజు చేపలు తెచ్చాడు. దించి తల వంచుకున్నాడు.

"వదినా... కూరకి ఉంచండి" అన్నాడు.

కూరకి చేప మా ఊళ్ళో ఎవరికైనా ఇస్తారు. కరెంటు బిల్లు తియ్యడానికొచ్చినవాడికీ ఇస్తారు.

అక్క ఒక్క చివాటు వెయ్యలేదు. "పిల్లలు బావున్నారా జీవరాజూ?" అని మర్యాదగా అడిగింది. అతను కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ చేపలు అలాగే గుమ్మంలో వదిలేసి అక్క పెరట్లో బోరింగు దగ్గరికెళ్ళి, కట్టుకున్న చీరతోనే కూర్చుని, బకెట్టు నీళ్ళు నెత్తిన కుమ్మరించుకుంది.

"ఏంటక్కా, ఈ వేళప్పుడు తలస్నానం?" అంటూ పరిగెత్తాను.

"మీ బావ పోయాడు కదరా" అంది.