పటం తీసీ అమ్మా!

ఆ రోజుల్లో నాకు ఇద్దరు యజమానులు. సోమవారం నుంచి శుక్రవారం దాకా చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు, శని ఆదివారాల్లో మెళ్లో వేలాడే కెమెరా. మొదటిదానికి నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని, రెండోదానికి బానిసని. సింగపూరు వచ్చిన తొలి ఏడాదే ఆ కెమెరా కొన్నాను. ఫ్లాట్‌లో నాతో ఉండే ఇద్దరమ్మాయిలూ ముందు మురిసిపోయారు, తరవాత విసిగిపోయారు. ఇడ్లీ వేస్తే ఇడ్లీకి, బట్టలారేస్తే బట్టలకి ఫోటోలు తీస్తుంటే ఎవరికైనా ఒళ్లు మండదూ! నాకు ‘క్లిక్కమ్మ’ అని పేరు పెట్టారు. నేనది బిరుదనుకున్నాను. (మాది గుంటూరు. గుంటూరు వాళ్లకి వెక్కిరింత తొందరగా ఎక్కదని మా అమ్మ అంటుంది. ఆవిడది కృష్ణా జిల్లా.) ఆ పేరుతోనే ఒక పేజీ తెరిచి, పుట్టినరోజులూ సీమంతాలూ గృహప్రవేశాలూ తీసిపెడతానని చాటించుకున్నాను. నా ఉద్యోగపు పాసు మీద సొంత వ్యాపారం కుదరదు కనుక, పీఆర్, అంటే అక్కడే స్థిరపడే అనుమతి, వచ్చేదాకా ఉచిత సేవ. పీఆర్ రాగానే ఉద్యోగానికి దండం పెట్టేసి స్టూడియో తెరవాలని నా ఆశ. అప్పటికల్లా ఊళ్లో తెలుగువాళ్లందరూ నా పేరే చెప్పుకోవాలి.

పేజీ నెత్తిమీద ఒక వాక్యం రాసుకున్నాను. ‘నచ్చని ఫోటో మీ కళ్లముందే తీసేస్తాను.’ నా పేరు పాకిందంటే ఆ వాక్యం వల్లే. గడ్డం కింద ఇంకో గడ్డం కనపడిందని ఒకావిడ, పక్కన తోటికోడలు తనకన్నా సన్నగా పడిందని ఇంకో ఆవిడ, ‘తీసెయ్ తీసెయ్’ అంటూ నా భుజం మీదకి వంగేవాళ్లు. నేను టక్కున బటన్ నొక్కేదాన్ని. తీసినవాటికన్నా తీసేసినవే ఎక్కువుండేవి ఆ రోజుల్లో. అదంతా నా వేగమని పొంగిపోయేదాన్ని.

ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో ఒక కిరాణా కొట్టు ముందు నిలబడి ఫోన్‌లో అమ్మతో పోట్లాడుతున్నాను. పక్కన కూరలేరుతున్న పెద్దాయన నేను ఫోన్ పెట్టేదాకా ఆగి, "తెలుగోళ్ల గుంటవా? ఏ ఊరమ్మా?" అన్నారు. (గుంటంటే ఆయన మాటలో పిల్ల.) ఎక్కడా నవ్వు లేని మొహం. ఆయన తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లోకి పనికి వెళ్లారట. ఆయన అక్కడే పుట్టి, పని కోసం ఇటు దిగి, ఉద్యోగమంతా బస్సు నడిపి రిటైరయ్యారు. శ్రీకాకుళం మొహం ఎప్పుడూ చూడలేదు గానీ, ఆయన నోట్లో ఆ ఊరి తెలుగు చెక్కుచెదరలేదు. మధ్యమధ్య ఒక మలయ్ ముక్క. "మా ఇంటికి వచ్చీ అమ్మా, మకాన్ చేసీ, టీ తాగీ, అప్పుడు పోదువు" అని ఒక్క గుక్కలో పిలిచేశారు. మకాన్ అంటే భోజనం. ఏ పని చెప్పినా చివర ఒక ‘సీ’ తగిలించేవారు. నాకు భలే సరదాగా ఉండేది. ఇంటికొచ్చి మా ఫ్లాట్ అమ్మాయిల ముందు అనుకరించి నవ్వించేదాన్ని కూడా. ఆయన భార్యని ఆంటీ అనీ, ఆయన్ని అంకుల్ అనీ పిలుస్తూ నాలుగు నెలల్లో ఇంటి మనిషినైపోయాను.

అంకుల్‌కి డెబ్భై నిండిన రోజున బుకిట్ బటోక్‌లో వాళ్ల ఫ్లాట్ నిండా చుట్టాలు. ఫోటోలు క్లిక్కమ్మవే, ఇంకెవరివి! అంకుల్‌వి కట్టుడు పళ్లు. జారతాయని భయం. అందుకని కెమెరా కనపడితే చాలు, పెదాలు బిగించేవారు. పెళ్లి ఫోటో దగ్గర్నుంచీ అదే మొహమట. ఆ రోజూ వంద ఫోటోల్లో అంతే. నేను సోఫాకి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని కెమెరా సరిచేసుకుంటున్నానా, ఉన్నట్టుండి అంకుల్ తల వెనక్కి వాల్చి పకపకా నవ్వారు. నా వేలు దానంతటదే నొక్కేసింది. వెంటనే చూపించమన్నారు. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసుకున్నారు. పై పళ్లు నిజంగానే కాస్త జారి ఉన్నాయి.

"ఇది తీసీ అమ్మా" అన్నారు.

"ఇదా? నిజంగానా అంకుల్?"

"తీసీ తీసీ. మళ్లీ మర్సిపోగలవు."

పాపం, పళ్లు చూసుకుని సిగ్గుపడ్డారనుకున్నాను. నా మాట మీద నేను నిలబడాలి కదా! బటన్ నొక్కి, "తీసేశాను అంకుల్" అన్నాను. "మంచి గుంటవి" అని నా తలమీద చెయ్యి పెట్టారు. నేను వినయంగా తల వంచాను.

పన్నెండు రోజులకి ఆయన పోయారు. టీ తాగుతూ కూర్చున్న కుర్చీలోనే వాలిపోయారట. ఆల్బం ఇంకా ఇవ్వనేలేదు, ఆఫీసులో రిలీజ్ పనులని రేపు మాపు అంటూ గడిపాను. మూడోనాడు ఆంటీ ఫోన్ చేసింది. "అమ్మా, పెద్దకర్మకి పటం కావాలి. గుర్తింపు కార్డు మీద పటం ఉన్నాది గానీ, అందులో జైలు కాపలావాడి నాగ ఉన్నాడు. ఆ రోజు నవ్వుతున్న పటం నీ సేత తీసీమన్నాడట కదా. అది ఇచ్చీ. ఆ సాయంత్రమల్లా నాతో అదే సెప్పినాడు. ‘నాను నవ్వినాను, పటం వచ్చినాక నువ్వు సూడాలి’ అని."

అప్పుడర్థమైంది. ఆయన ‘తీసీ’ అంటే ‘తియ్యి’ అనే, తీసెయ్యమనలేదు. ఏరి పక్కన పెట్టమన్నారు. ఆయన లెక్కలో పటం తీయడమంటే నొక్కడం కాదు, ఫ్రేము కట్టించి గోడకి పెట్టేదాకా అంతా కలిపి ఒకటే పని. నాలుగు నెలలు ఆ ‘సీ’ని వెక్కిరించిన మనిషికి, అవసరమైన రోజున దాని అర్థం తట్టలేదు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. పోయిన ఫోటోలు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లన్నీ వేసి చూశాను. కెమెరా కార్డు మీద అప్పటికే ఒక సీమంతం, ఒక బారసాల ఎక్కేశాయి. ఎంత వెతికినా సీమంతం గాజులే పైకొచ్చాయి.

"కార్డు పాడైందని చెప్పు, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు మా ఫ్లాట్ అమ్మాయిలు. ఆఫీసు దగ్గర ఎక్స్‌పో స్టేషన్లో రైలెక్కి బుకిట్ బటోక్ చేరేదాకా ఆ అబద్ధాన్నే బట్టీ పట్టాను. తలుపు తీసిన ఆంటీ మొహం చూశాక ఆ అబద్ధం ఆడలేకపోయాను. నిజమే చెప్పాను.

"ఆంటీ, ఆ ఫోటో తీసేశాను."

"తీసీసినావు కదా. మరైతే ఇచ్చీ."

"అది కాదు ఆంటీ, తీసేశాను. లేదు."

"తీసీసినావా, నేదా?"

"తీసేశాను, అందుకే లేదు."

"తీసీస్తే నేకపోవడమేటి అమ్మా?"

తెలుగుని తెలుగులో ఎలా చెప్పాలో తెలియక నిలబడిపోయాను. (ఇంకో చోటైతే పొట్టపట్టుకుని నవ్వేదాన్ని.) చివరికి "డిలీట్ చేశాను ఆంటీ" అన్నాను. ఆ ఇంగ్లీషు ముక్క వెంటనే అర్థమైంది. ఆవిడ మెల్లగా కూర్చుంది.

"ఎలగున్నాడో సెప్పు. నువ్వొక్కదానివే సూసినావు" అంది.

"కిటికీ వెలుగు ఎడమ వైపు నుంచి పడి..." అని మొదలుపెట్టాను.

"ఎలుగు సంగతి నాకెందుకు? మనిషి ఎలగున్నాడు?"

తల వెనక్కి వాల్చారనీ, కళ్లు మూతలు పడ్డాయనీ, చిన్నపిల్లాడిలా ఉన్నారనీ చెప్పాను. ఆవిడ పెదాలు కదుపుతూ వింది.

"ఎవర్ని సూసి నవ్వినాడు?"

నాకు తెలియదు. చూడలేదు. ఎదుట మనిషి జన్మకోసారి నవ్వుతుంటే, ఎందుకో తల తిప్పి చూడాలని కూడా తోచని ఫోటోగ్రాఫర్ని నేను. సిగ్గుతో చచ్చిపోతూ, "మిమ్మల్నే ఆంటీ" అన్నాను.

"అబద్ధం. అప్పుడు నాను వంటింట్లో వడలేస్తున్నాను." కళ్లొత్తుకుని, నా చెయ్యి పట్టుకుంది. "పర్నేదు. ఇంకోపాలి అలగే సెప్పు."

చెప్పాను. ఇన్నేళ్ల తరవాత కూడా వెళ్లినప్పుడల్లా చెబుతూనే ఉన్నాను. పీఆర్ వచ్చింది గానీ స్టూడియో పెట్టలేదు, పేజీ కూడా మూసేశాను. తలమీద చెయ్యి పెట్టించుకుని మురిసిపోయిన ఆ క్లిక్కమ్మ గుర్తొస్తే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసే వస్తాయి. మొన్న వెళ్లినప్పుడు ఎప్పట్లాగే, "అప్పుడు మీరు ఆయనకి ఎదురుగా నుంచుని ఉన్నారు ఆంటీ" అంటున్నాను. ఆవిడే అందుకుని, "నీలం కోక కట్టుకున్నాను" అంది.

"అవును ఆంటీ, నీలమే" అన్నాను.