లంగర్ చూసొచ్చిన మద్దిలేటి

శ్రీరంగాపూర్ దసరా ఊరేగింపులో ఎవరు ముందు నడవాలి, ఎవరు వెనక నడవాలి అని చెప్పేది మద్దిలేటి. మిగతా రోజుల్లో అతను వనపర్తి రోడ్డు మీద కంకర కొట్టుకునే మనిషి. పండుగ పది రోజులు మాత్రం సుత్తె ఇంటి మూలకు చేరేది, చేతికి వెండి పొన్ను వేసిన బెత్తం వచ్చేది. ఏడాదంతా 'ఒరేయ్' అని పిలిచే పటేళ్లు కూడా ఆ బెత్తం చూపించిన చోట కిక్కురుమనకుండా నిలబడేవాళ్లు.

ఎందుకంటే, ఊరు మొత్తంలో పట్నం పోయి లంగర్ చూసొచ్చినవాడు అతనొక్కడే.

"ఎన్కట గోలుకొండ రాణి కొడుకును మదమెక్కిన ఏనుగు అడివిల కెత్తుకపోయిందంట," అని మొదలుపెట్టేవాడు. "నా బిడ్డ పానంతోని తిరిగొస్తే ఏనుగుకు కట్టే గొలుసంత బంగారు గొలుసు పీర్లకు ఇస్తనని తల్లి మొక్కుకున్నది. పిలగాడు వచ్చిండు, ఆమె మొక్కు తీర్చింది. గా గొలుసే లంగరు."

రానురాను అది మొహర్రం ఐదో రోజున జరిగే పెద్ద ఊరేగింపయింది. నిజాం ఫౌజులు, జాగీర్దార్ల సిపాయిలు, కత్తులు తిప్పుతూ అరబ్బులు, తుపాకులతో రోహిల్లాలు, గుర్రాలు, ఒంటెలు, అంబారీ ఏనుగులు. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా తెగదు. చార్మినార్ దగ్గర మేడల మీద చోటు కోసం జనం తెల్లారకముందే సద్దిమూటలతో వచ్చి కూర్చుంటారు. మద్దిలేటి చెబుతుంటే వినేవాళ్లకు ఆ గుర్రాల దుమ్ము తమ కళ్లల్లోనే పడ్డట్టు ఉండేది.

అసలు సంగతి అతని పెళ్లాం వెంకటమ్మకు తెలుసు. ఇరవై ఏళ్ల వయసులో మద్దిలేటి సాయన్న పల్లికాయ బండి మీద పట్నం బయలుదేరిన మాట నిజమే. జడ్చర్ల దాకా పోయిన మాటా నిజమే. అక్కడ పాచిపోయిన పులుసు తాగి, కడుపు జారి, వారం పైగా సత్రం వెనక తుమ్మచెట్లకూ చాపకూ మధ్య తిరిగాడు. పట్నం నుంచి మళ్లిన ఆ బండే అతన్ని ఎత్తుకొచ్చింది. దారంతా సాయన్న బండి తోలుతూ లంగర్ ముచ్చట చెప్పాడు, ఇతను పడుకొని విన్నాడు. తర్వాత సాయన్న కాలం చేశాడు. పట్నంలో లంగరూ ఆగిపోయింది. చూసినవాడు లేడు, పోయి చూద్దామంటే ఊరేగింపే లేదు. ముప్పై ఏళ్లుగా మద్దిలేటి మాటకు ఎదురు లేదు. కోపమొచ్చినప్పుడు వెంకటమ్మ మాత్రం "నీది జడ్చర్ల లంగరు, నోర్ముయ్" అనేది.

రెండో పెద్ద యుద్ధం మొదలైన మరుసటి ఏడు బుచ్చన్న పటేలు దసరాకు బాడుగ ఏనుగును తెప్పించాడు. ఏనుగు తనదైతే బెత్తం కూడా తనదే కావాలని అతని కోరిక. ఏనుగుతో పాటు పట్నం నుంచి తెల్లగడ్డం మావటి లాలుసాబు వచ్చాడు. ఆ మర్నాడే పటేలు చావిడి ముందు పదిమందిని పోగుచేసి మద్దిలేటిని పిలిపించాడు.

"ఏం రా మద్దిలేటీ! గీ లాలుసాబు లంగర్‌ల ఏనుగు నడిపిన మనిషి. గాయన ముంగల చెప్పు, ఏం చూసినవో. అబద్ధమని తేలిందా, బెత్తం ఇచ్చి కంకరకు నడువు."

గుంపు చివర నిలబడ్డ వెంకటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మద్దిలేటి గొలుసు కథ చెప్పాడు, అరబ్బుల సంగతి చెప్పాడు. లాలుసాబు కళ్లు మూసుకొని గడ్డం దువ్వుకుంటున్నాడు.

"ఒంటిదంతం ఏనుగు ముచ్చట చెప్పు మామా!" అని గుంపులోంచి ఎవరో అరిచారు. ఊళ్లో అందరికీ ఇష్టమైన ముచ్చట అది.

అది సాయన్న చెప్పింది కాదు. కంకర కుప్ప మీద కూర్చొని ఒక ఎండపూట మద్దిలేటి తనే అల్లిన ముచ్చట. అయినా ఇప్పుడు తప్పించుకునే దారి లేదు.

"ఒక ఏనుగు ఉంటుండె. ఒక్కటే దంతం. దానికి ఎండి గంట. గాజుల దుకాణం కాడ ఆగుతుండె. గాజులామె బెల్లం పెట్టేదాంక ఎనక ఫౌజంత ఆగాల్సిందే."

బుచ్చన్న మావటి వైపు తిరిగాడు. "చెప్పు సాబూ, నిజమేనా?"

లాలుసాబు కళ్లు తెరిచాడు. "నిజమా అని అడుగుతరా పటేలా? గా ఏనుగు మెడ మీద కూసున్నది నేనే! దాని పేరు షిరీన్. బెల్లం గాదు గని, బెల్లం పూసిన రొట్టె."

జనం ఒక్కసారిగా ఈలలు వేశారు. మద్దిలేటి మాత్రం నోరు తెరిచి మావటిని చూశాడు. లేని ఏనుగు మీద ఈయన ఎప్పుడు కూర్చున్నాడు? మెల్లగా నవ్వు పొట్టలోంచి లేచింది. దాన్ని దగ్గులోకి దింపి, "అవు సాబూ, రొట్టెనే. నేనే మర్సిన," అన్నాడు.

జనం చెదిరాక ఇద్దరూ ఏనుగు చాటుకు చేరారు.

"సాబూ, నువ్వు లంగర్ చూసినవా?"

"మా నాయిన నడిపిండన్నా. నన్ను గడ్డి కొయ్యనీకి లాయంలనే ఇడిసిపోతుండె. సప్పుడు ఇంటుంటి, గంతే. నువ్వు?"

"జడ్చర్ల దాంక పోయిన."

ఇద్దరూ ఏనుగు కాలు పట్టుకొని కన్నీళ్లొచ్చేలా నవ్వారు. లాలుసాబు కళ్లు తుడుచుకొని, "జర మొదటి నుంచి చెప్పన్నా. గా ఒంటిదంతం దాన్ని మల్లొకపారి చెప్పు," అన్నాడు. మద్దిలేటి చెప్పాడు, ఈసారి ఇంకో గంట కట్టి.

పండుగనాడు బుచ్చన్న పట్టుపంచె కట్టి, జరీ తలపాగా చుట్టి వచ్చాడు. బెత్తం దక్కకపోయినా పంతం పోలేదు.

"ఏనుగు తెచ్చినోన్ని నేను. లంగర్‌ల నా అసుంటి పెద్దమనిషి యాడ నడుస్తుండె? జర ఇజ్జత్ ఉన్న జాగ చూపియ్యి."

మద్దిలేటి మావటి వైపు చూశాడు. మావటి ఆకాశం వైపు చూశాడు.

"అందరికన్న పెద్ద నవాబు ఏనుగు ఎన్కనే నడుస్తుండె పటేలా," అన్నాడు మద్దిలేటి. "తోకకు మూరెడు దూరం. దానికి మించిన ఇజ్జత్ లేదు."

"సచ్ బాత్, నిజమే," అన్నాడు ఏనుగు పైనుంచి లాలుసాబు.

బుచ్చన్న మీసం దువ్వి, ఇంకెవరూ ఆ చోటికి రాకుండా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. మద్దిలేటి బెత్తం పైకెత్తాడు. డప్పులు మోగాయి. పొద్దుటి నుంచి పచ్చగడ్డి, చెరుకులు తిన్న ఏనుగు నాలుగడుగులు వేసి, నిదానంగా తోక లేపింది.